భక్తవత్సలం పంచిన వాగ్దానాలు

ముదలియార్‌పేటలో తెలుగు మాట్లాడే క్రైస్తవులవి ఆ రోజుల్లో పది పన్నెండు ఇళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, మిల్లు గేటు దగ్గర రెండూ కలిపి మాట్లాడేవాళ్ళు. అక్షరాల దగ్గరికొస్తే మాత్రం తమిళమే వచ్చేది, లేకపోతే ఏదీ రాదు. వాళ్ళలో తెలుగు చదవగలిగినవాళ్ళు ముగ్గురే. ఒకాయనకు చూపు పోయింది. ఒకావిడ కూతురి దగ్గరికి మద్రాసు వెళ్ళిపోయింది. మిగిలినవాడు భక్తవత్సలం.

నగరి దగ్గర పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. తాతల కాలంలోనే క్రైస్తవులైన కుటుంబం, పేర్లు మాత్రం పాతవే నిలిచిపోయాయి. పెళ్ళయిన ఏడాదికే పుదుచ్చేరి వచ్చి మిల్లులో చేరాడు. తానుల మీద మీటర్ల అంకె వేసి, ముద్ర కొట్టడం ఆయన పని. రాత ముత్యాల్లా ఉండేది. బడిలో పంతులు వేళ్ళ మీద కొట్టి నేర్పిన రాత అది.

ఆదివారం మధ్యాహ్నం, తమిళ ఆరాధన అయిపోయాక, గుడి పక్క గదిలో తెలుగు కూటం జరిగేది. పాటలు అందరూ పాడేవారు. బైబిల్లోని కీర్తన మాత్రం భక్తవత్సలమే చదవాలి. ఆయన చదువుతుంటే ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని వినేవారు. పొద్దంతా మరమగ్గాల మోతలో పనిచేసి చెవులు మందగించినవాళ్ళు ముందు వరసలోకి జరిగేవారు. వాళ్ళకోసం ఆయన గొంతు పెంచేవాడు, అరిచినట్టు లేకుండా. ఎవరికైనా మనసు బాగాలేదని తెలిస్తే ఆ వారం కీర్తన వాళ్ళకోసమే ఏరి పెట్టేవాడు. అట్లాంటి మనిషి.

జనవరి ఒకటో తారీకున వాగ్దానపు చీటీలు తీసే అలవాటు ఆ కూటానికి ఉండేది. డిసెంబరంతా భక్తవత్సలం పాత పెళ్ళి పత్రికలు పోగుచేసేవాడు. పసుపు అంటిన అంచులు కత్తిరించి, వెనకవైపు ఒక్కో కీర్తనలోంచి ఒక్కో మాట రాసి, రెండుగా మడిచేవాడు. కొత్త సంవత్సరం పొద్దున ప్రార్థన అయ్యాక ఇత్తడి పళ్ళెంలో వాటిని కలిపి అందరి ముందుకూ తిప్పేవారు. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి దేవుడు తనతో చెప్పిన మాట అదేనని ప్రతివాళ్ళూ నమ్మేవారు. తీసిన చీటీ ఆయన చేతికిస్తే ఆయన పైకి చదివేవాడు. అందరూ "స్తోత్రం" అనేవారు. ఆ చీటీ ఏడాదిపాటు బియ్యం డబ్బాలోనో దిండు గలీబులోనో ఉండేది.

మొదట్లో ఆయన అన్ని రకాల మాటలూ రాసేవాడు. కీర్తనల్లో తేనె ఒక్కటే లేదు కదా. డెబ్బైఒకటో సంవత్సరంలో కుప్పమ్మాళ్ అనే ముసలామె చీటీ తీసింది. కిందటి నెలే ఆమె ఒక్కగానొక్క కొడుకు పోయాడు. చీటీ విప్పితే, దుర్మార్గులు గాలికి కొట్టుకుపోయే పొట్టులా ఉంటారన్న మాట ఉంది. ముసలామె ఆయన పెదాల వంకే చూస్తోంది. ఆయన కాగితం మీదికి చూస్తూనే, విరిగిన గుండె ఉన్నవాళ్ళకు ప్రభువు దగ్గరగా ఉంటాడన్న మాట నోటికొస్తే అదే చదివేశాడు. కుప్పమ్మాళ్ ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుని ఏడ్చింది. "నా కడుపులో మాట ఆయనకెట్లా తెలిసింది నాయనా" అంది. గదిలో అందరి కళ్ళూ తడిశాయి. ఆయనవి కూడా.

మరుసటి ఏడు కఠినమైన మాటలన్నీ తీసేశాడు. ఆ పై ఏడు ఎవరికి ఏది కావాలో ముందే అనుకుని రాశాడు. పళ్ళెం తానే పట్టుకుని, కావలసిన చీటీని బొటనవేలి కింద అదిమిపెట్టి, ఆ మనిషి చెయ్యి చాపగానే వేళ్ళకిందికి జరిపేవాడు. పని దొరకనివాడికి పని గురించి, పిల్లలు లేని ఇంటికి పిల్లల గురించి. "దేవుడు ఎంత కచ్చితంగా చెప్తాడో చూడండి" అని జనం ఆశ్చర్యపోయేవారు. తమిళ గుడివాళ్ళు కూడా తొంగిచూసి వెళ్ళేవారు. భక్తవత్సలానికి అందులో తప్పేమీ కనిపించలేదు. దాహమన్నవాడికి నీళ్ళిచ్చినట్టే అనుకున్నాడు.

ఆయన భార్య సుందరికి మాత్రం ఇది నచ్చలేదు. డిసెంబరులో ఆయన పేర్లు తలుచుకుంటూ రాస్తుంటే ఒకసారి పక్కన నిలబడి చూసింది.

"ఏందయ్యా, నువ్వు దేవుడికి గుమాస్తావా, దేవుడు నీకు గుమాస్తానా?" అంది.

"పోవే, నీకన్నీ ఎగతాళే."

"ఎగతాళి కాదు. ఆయన నోట్లో నువ్వు మాటలు పెడతా ఉండావు."

"ఆయన మాటలే గదే. నేనేమన్నా సొంతంగా రాసినానా?"

చారు పొంగుతోందని సుందరి లోపలికి పోయింది.

డెబ్బైఆరో సంవత్సరం జనవరి వచ్చింది. కూటంలో కనగం అనే ఆమె ఉండేది. నలభై దాటిన మనిషి. ముదలియార్‌పేట బస్సు స్టాపు దగ్గర ఉడకబెట్టిన శనక్కాయలు అమ్మేది. కొలిచి పోశాక, చంకలో బిడ్డ ఉన్నవాళ్ళకు మరో గుప్పెడు వేసేది. ఆమె మొగుడు మునుసామి ఎద్దుల బండిమీద మిల్లు బేళ్ళు రైలు స్టేషనుకు తోలేవాడు. వానొస్తే తన నెత్తిమీదికన్నా ముందు ఎద్దుల మీద గోనె కప్పే రకం. అతనికి చక్కెర జబ్బు. దీపావళప్పుడు కుడిపాదంలో మేకు గుచ్చుకుంది. పుండు మానలేదు. రెండు వేళ్ళు నల్లబడ్డాయి. పెద్దాసుపత్రి డాక్టరు చూసి, పాదం తీసెయ్యాలి, ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అన్నాడు. జనవరి ఆరో తారీకు రమ్మన్నాడు.

ఇది భక్తవత్సలానికి తెలుసు. కానీ కనగమూ మునుసామీ ఒప్పుకున్నారని, ఇక మిగిలింది ధైర్యమేనని అనుకున్నాడు. ధైర్యానికి ఏ మాట బాగుంటుందా అని రెండు రోజులు కీర్తనలు తిరగేశాడు. తొంభైఒకటో కీర్తనలో దొరికింది. పాదానికి రాయి తగలకుండా దూతలు చేతుల మీద ఎత్తి పట్టుకుంటారన్న మాట. పాదం గురించే ఉందే అని ఆయనకు సంతోషం వేసింది. మిగతా చీటీలకన్నా దాన్ని కాస్త పెద్ద అక్షరాలతో రాశాడు.

పళ్ళెం కనగం ముందుకు వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. ఆయన బొటనవేలు జరిపాడు.

చదువుతుంటే ఆమె మొహం మారిపోయింది. "ఇంకోసారి చదువన్నా" అంది. చదివాడు. "పాదమనే ఉండాదా?"

"పాదమనే ఉందమ్మా."

"స్తోత్రం" అన్నారందరూ. కనగం మాత్రం చీటీని రెండు చేతుల మధ్య పెట్టుకుని గోడకానుకుని కూర్చుండిపోయింది.

ఆరో తారీకున వాళ్ళు ఆసుపత్రికి పోలేదు. ఈ సంగతి భక్తవత్సలానికి పది రోజుల తరువాత గానీ తెలియలేదు. మిల్లులో రెండు షిఫ్టులు నడుస్తున్నాయి, ఆదివారాలు కూడా పని. తెలిసిన సాయంత్రమే పరుగెత్తాడు. మునుసామి మంచం మీద ఉన్నాడు. గది వాసన గుమ్మం దాకా వచ్చింది. కాలు మోకాలి దాకా ఉబ్బి ఉంది.

"కనగం, ఆసుపత్రికి తీసుకుపో తల్లీ. ఇప్పుడే."

ఆమె నవ్వింది. "నువ్వే గదన్నా చదివినావు. ఆయన ఎత్తి పట్టుకుంటానంటే నేను కోయించేదా?"

అప్పుడే చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది కూడా. గదిలో మునుసామి తల్లి ఉంది, పక్కింటివాళ్ళు ఇద్దరున్నారు. "దేవుడు డాక్టరు చేతుల్తో కూడా ఎత్తుతాడమ్మా" అని మాత్రం అన్నాడు. కనగం తల అడ్డంగా ఊపింది. ఆయన ఇంకా బతిమిలాడాడు, నిజం మాత్రం చెప్పలేదు. మూడోనాడు మునుసామికి తెలివి తప్పింది. అప్పుడు నలుగురూ కలిసి మోసుకుపోయారు. ఆలస్యమైపోయిందన్నారు. జనవరి ఇరవైఒకటిన పోయాడు.

సమాధి దగ్గర కీర్తన చదవమంటే భక్తవత్సలం జ్వరమని చెప్పి ఇంట్లో పడుకున్నాడు.

నెల తిరిగాక ఒక సాయంత్రం కనగం ఇంటికొచ్చింది. మనిషి సగమైపోయింది. కొంగు ముడి విప్పి చీటీ తీసి ఆయన ముందు పెట్టింది.

"అన్నా, దీంట్లో ఇంకేమన్నా రాసుండాదా? ఇట్లా చేస్తేనే, అట్లా ఉంటేనే అని?"

"లేదమ్మా."

"సరిగ్గా చూడు."

"లేదు కనగం."

"అయితే తప్పు నాదే" అంది, ఏదో తేలిపోయినట్టు. "అత్త ఒకరోజు తాయెత్తు తెచ్చి ఆయన చేతికి కట్టింది. నేను చూసి కూడా ఊరుకున్నా. ఒక్క పూటే, అన్నా. మళ్ళీ తెంపి పారేసినా. ఆ ఒక్క పూటకే దేవుడు చెయ్యి తీసేసినాడు."

"అట్లా అనుకోవద్దు. దేవుడి చిత్తం."

"ఆయన చిత్తం ఎత్తి పట్టుకోవడమేనని నువ్వే గదా చదివినావు."

సుందరి మంచినీళ్ళు తెచ్చి ఆమె చేతికిచ్చి, మొగుడి వంక చూసింది. ఆయన నేలవంక చూశాడు.

ఆ తరువాత కనగం రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనం దగ్గరికి రావడం మానేసింది. పిలిస్తే, నేను తగను అనేది. బుధ, శుక్రవారాలు పస్తులుండేది. చూస్తూ చూస్తూ అన్నీ మానేసింది. అత్తతో మాటలు మానేసింది. ఎర్రటి ఎండలో తలమీద గుడ్డ లేకుండా బుట్ట ముందు కూర్చునేది. బస్సు కండక్టరు చూడలేక తన గొడుగు తెచ్చి ఆమె పక్కన పాతిపెట్టి పోతే, సాయంత్రం దాన్ని మడిచి అతనికే ఇచ్చేసింది. నీడ తనకు తగదట.

భక్తవత్సలం ఇంట్లో కీర్తనలు తెరిస్తే ఎక్కడ తెరిచినా అదే. నోరు మూసుకున్నన్నాళ్ళూ ఎముకలు అరిగిపోయాయని ఒక కీర్తన. పెదవులు ఒకటి, గుండె ఒకటి మాట్లాడేవాళ్ళ గురించి మరొకటి. ముప్పై ఏళ్ళుగా ఈ మాటలు ఇంకెవరి గురించో అనుకుని చదివాడు. ఒకరోజు సువార్త చదువుతుంటే అసలు సంగతి తగిలింది. పాదానికి రాయి తగలదన్న ఆ మాటను ప్రభువును గుడి శిఖరం మీద నిలబెట్టి వినిపించినవాడు సాతాను. అదే కీర్తన, అవే మాటలు. పొల్లుపోకుండా చెప్పాడు వాడు. భక్తవత్సలం పుస్తకం మూసి పెరట్లోకి పోయాడు.

"నువ్వు చెప్తావా, నేను చెప్పేదా?" అంది సుందరి, ఆయన మొహం కడుక్కుంటుంటే చెంబు అందిస్తూ. "ఆ మనిషి చచ్చిపోతుంది. మొగుణ్ణి తానే చంపినానని చచ్చిపోతుంది. అప్పుడు ఏ కీర్తన చదువుతావో చదువు."

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, షిఫ్టు వదిలే సంగు, మిల్లు సైరను, మోగాక, నేరుగా కనగం ఇంటికి వెళ్ళాడు. ఆమె వసారాలో కూర్చుని శనక్కాయల్లోంచి మట్టిగడ్డలు ఏరుతోంది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పళ్ళెం, బొటనవేలు, డిసెంబరులో రెండు రోజులు వెతికి రాయడం, నాలుగేళ్ళుగా అందరికీ అట్లాగే చేయడం, అన్నీ.

ఆమె చేతులు ఆగలేదు. చాలాసేపు గడ్డలు ఏరుతూనే ఉంది.

"అయితే ఆ పొద్దు దేవుడు నాకేమీ చెప్పలేదా?" అంది చివరికి.

"లేదమ్మా. నేను చెప్పినా."

"తాయెత్తుకి కోపం రాలేదా ఆయనకి?"

"నీ తప్పేమీ లేదు కనగం. తప్పంతా నాది. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా."

"ఆసుపత్రిలో మూడుసార్లు చెప్పినారన్నా" అంది మెల్లగా. "డాక్టరు తమిళంలో ఒకసారి, మళ్ళీ వేళ్ళతో కొలిచి చూపించి ఒకసారి. మూడోసారి, చీటీ తీసినాక కట్టు మార్పించను పోతే, అక్కడి నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని చెప్పింది. కోయించమ్మా, మనిషి మిగులుతాడని. ఆమె కళ్ళల్లో నీళ్ళు కూడా చూసినా. నాకు చీటీ ఉండాది, నీకు తెల్దులే అనుకుని చెయ్యి విదిలించుకుని వచ్చేసినా. చెప్పిందేమో వాళ్ళు. నేను విన్నదేమో నిన్ను."

భక్తవత్సలం ఏడుస్తున్నాడు. ఆమె ఏడవలేదు.

"నీకొకటి చెప్పేదా? నాకు పుట్టి బుద్ధెరిగినకాడి నుంచి దేవుడు మాట్లాడిందే లేదు. అందరూ సాక్ష్యాలు చెప్తా ఉంటే వింటా కూర్చునేదాన్ని. ఈ ఒక్కసారి మాట్లాడినాడు అనుకున్నా. నా మొగుడి పాదం గురించి, పేరు పెట్టి పిలిచినట్టు. నేనే చెడగొట్టుకున్నా, సరే. పాపిష్టిదాన్ని, సరే. కానీ మాట్లాడినాడు గదా అని ఒకటి ఉండె నాకు. నువ్వు ఇప్పుడు దాన్ని కూడా తీసుకుపోతా ఉండావు."

"నీ మనసు తేలికవుతుందని చెప్పినా తల్లీ."

"అదే. అప్పుడూ తేలికవుతుందనే రాసినావు."

ఆయన వచ్చే ఆదివారం కూటంలో అందరి ముందూ ఒప్పుకుంటానన్నాడు. కనగం తలెత్తి మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"వొద్దు. కుప్పమ్మాళ్ అవ్వ నీ చీటీ పట్టుకుని బతకతా ఉండాది. నువ్వు లేచి చెప్తే నీకు ఊరట. ఏడ్చి, ఒప్పుకున్నాడు, ఎంత మంచోడు అంటారు నిన్ను. ఆమెకేం మిగుల్తాది? మూసుకుని మొయ్యి. నేను మోసినట్టు."

ఆయన వీధి మలుపు దాటుతుండగా వెనకనుంచి పిలిచింది. పరుగులాంటి నడకతో వెనక్కొచ్చాడు. క్షమించానంటుందేమో అనుకున్నాడు పాపం.

"నాకు అక్షరాలు నేర్పించు" అంది. "ఇంక నీ నోటితో వినను."

ఆ డిసెంబరులో భక్తవత్సలం కళ్ళు బాగాలేవని చీటీలు రాయలేదు. మద్రాసు నుంచి రంగుల్లో అచ్చువేసిన చీటీలు తెప్పించారు. పువ్వుల బొమ్మలు బాగున్నాయి గానీ, మన భక్తన్న చేతి చీటీల్లో ఉండే మహిమ వీటికెక్కడిది అనుకున్నారు జనం. ఆ మాట ఆయన ముందే అనేవారు, మెచ్చుకోలుగా. ఆయన తల వంచుకునేవాడు. వినయమనుకునేవారు.

కనగం మాత్రం రోజూ వచ్చేది. సంగు మోగిన అరగంటకు, బుట్ట గుమ్మం పక్కన పెట్టి, పలక పట్టుకుని వసారాలో కూర్చునేది. శనక్కాయల ఉప్పుకు పగిలిన వేళ్ళు బలపాన్ని పట్టేవి కావు. అఆలకే నాలుగు నెలలు పట్టింది. గుణింతాలు ఇంకో ఏడాది. ఆయన రాసిస్తే దిద్దేది. తప్పయితే చెరిపి మళ్ళీ దిద్దేది. అక్షరాలు తప్ప ఇంకో మాట మాట్లాడేది కాదు. "ఇదేంది?" "ఘ." "ఇది?" "ఝ." అంతే. సుందరి కాఫీ ఇస్తే తాగి, గ్లాసు తానే కడిగి బోర్లించి పోయేది. సుందరితో మాత్రం ఒకటి రెండు మాటలు. ఆమె నడుము నొప్పి సంగతి అడిగేది, ఒకసారి నూనె కాచి తెచ్చి రుద్దింది కూడా. భక్తవత్సలం ఆ వాసన చూస్తూ వసారాలోనే కూర్చున్నాడు.

మొదటి రోజుల్లో ఆయన ఒకసారి సులువుగా ఉంటుందని ఇరవైమూడో కీర్తన తీశాడు. ఆమె పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుని మూసేసింది.

"ఏది చదవాలో నేను చూసుకుంటా. నువ్వు అక్షరం చెప్పు చాలు."

డెబ్బైతొమ్మిది వేసవిలో ఒకరోజు, వాసాల మీద అంటించిన తెలుగు పంచాంగం కాగితాన్ని తనంతట తాను చదివింది. ఆయన చూపించలేదు, అడగలేదు. తలెత్తి కూడబలుక్కుంటూ రెండు వరసలు చదివి, పలక సంచిలో పెట్టుకుని, సుందరికి చెప్పి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. తరువాత ఆదివారం కూటంలో ఆమె ఒళ్ళో సొంత పుస్తకం ఉంది. ఆయన చదువుతుంటే వేలుతో వరస వెంట వస్తోంది. ఆయన ఒక్క మాట మార్చినా ఆ వేలు ఆగుతుందని ఆయనకు తెలుసు. ప్రభు భోజనానికి మాత్రం లేచింది. ఎందుకు లేచిందో, ఏం తేల్చుకుందో ఎవరికీ చెప్పలేదు.

ఎనభైరెండులో, మిల్లు పని మానేశాక, భక్తవత్సలం ఒక సాయంత్రం మందులు తెచ్చుకోవడానికి కనగం ఉండే వీధిలోంచి పోతున్నాడు. తలుపు ఓరగా ఉంది. లోపల ఆమె పైకి చదువుకుంటోంది, ఒక్కో అక్షరాన్నీ రాయి ఎత్తినట్టు ఎత్తుతూ. ఏ కీర్తనో ఆయనకు రెండు మాటలకే తెలిసిపోయింది. ఎనభైఎనిమిదోది. మొదలు నుంచి చివరిదాకా ఏడుపే ఉండి, చివరన చీకట్లోనే వదిలేసే కీర్తన. పదేళ్ళకు పైగా కూటానికి చదివినా దాన్ని ఆయన ఎన్నడూ తియ్యలేదు.

ఒక ఒత్తు దగ్గర ఆమె ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగింది. ఆయన పెదాలు ఆ మాటను పలికాయి. గుమ్మం మెట్టు మీద ఒక కాలు కూడా పెట్టాడు. నాలుగు అక్షరాల మాట. చెప్పి పోవచ్చు.

కాలు వెనక్కి తీసుకున్నాడు. గోడవారన నిలబడ్డాడు. లోపల ఆమె ఆ వరసను మూడోసారి మొదటినుంచి మొదలుపెట్టింది. ఆమె దాటిందో లేదో తెలియకముందే మందుల చీటీ జేబులో పెట్టుకుని నడిచిపోయాడు.